సంతాపానికి మూడు నిమిషాలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మాజీ న్యాయశాఖ మంత్రి తన ఇంట్లో, నిద్రలో చనిపోయాడు. వయసు ఎనభై ఒకటి. పదకొండు గంటలకు సభ మొదలవగానే స్పీకర్ సంతాప ప్రకటన చదువుతాడని, తర్వాత పార్టీకి ఒకరు చొప్పున మూడేసి నిమిషాలు మాట్లాడతారని, ఆఖరున అందరూ లేచి నిమిషం పాటు మౌనంగా నిలబడతారని తొమ్మిదింటికి సభ్యులందరికీ కబురు అందింది. అధికార పక్షం తరఫున మాట్లాడాల్సిన సభ్యుడు ఒకప్పుడు చనిపోయినాయన దగ్గర తొమ్మిదేళ్లు జూనియర్ లాయరు. పన్నెండేళ్ల కిందట ఆయన నియోజకవర్గంలోనే ఆయన్ని ఓడించి ఈ సభకు వచ్చాడు. పది గంటల నాలుగు నిమిషాలకు అతను మూడో అంతస్తులోని తన గదిలో, తలుపు గడియ పెట్టుకుని, ఏడు వాక్యాలు రాసిన కాగితం ముందు కూర్చుని ఉన్నాడు.

నిద్రలో పోయాడు. అది మింగుడు పడటం లేదు. ముసలాణ్ని బోనులో నిలబెట్టి అడగాల్సిన ప్రశ్నలు నలభై రెండు, గీతల నోటు పుస్తకంలో నంబర్లు వేసి రాసిపెట్టుకున్నాడు. పుస్తకం మూడు ఇళ్లు మారింది, అట్ట ఊడింది, ప్రశ్నలు మాత్రం వరస తప్పలేదు. ఒక్కదానికీ జవాబు చెప్పకుండా దుప్పటి కప్పుకుని వెళ్లిపోయాడు. ఆస్పత్రి మంచం మీద కాదు, గొట్టాలు లేవు, ఎవరో వచ్చి చెంచాతో నీళ్లు పోయడం లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి దీపం ఆర్పుకున్నాడట, పొద్దున లేవలేదట. ఆ వివరం చెప్పింది గుమాస్తా. ఆరూ నలభైకి ఫోన్ చేశాడు. ముప్పై ఐదేళ్లు పెద్దాయన ఆఫీసులో ఫైళ్లు కట్టిన మనిషి, టైపు కొట్టిన మనిషి, ఇప్పటికీ ఫోన్లో గొంతు తగ్గించి, పక్క గదిలో క్లయింటు ఉన్నట్టే మాట్లాడతాడు. "పోయారు బాబూ" అన్నాడు. దానికి ఏమనాలో తెలుసు, అందరూ అనేదే, కానీ నోట్లోంచి వచ్చింది వేరే. "ఇప్పుడు రాసిస్తావా?" అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. "ఇంకా ఇంట్లోనే ఉన్నారు బాబూ. హాల్లో పడుకోబెట్టారు. నేను కాళ్ల దగ్గరే ఉన్నాను." "ఆయన ఉన్నంత కాలం రాయనన్నావు." "అన్నాను." "ఇప్పుడు లేడుగా." "ఉన్నప్పుడు భయంతో రాయలేదు. ఇప్పుడు సిగ్గుతో రాయలేను. మీరు లాయర్లు, రెంటికీ తేడా మీకు తెలుస్తుంది. పెట్టేస్తున్నా బాబూ, అమ్మగారు పిలుస్తున్నారు." పెట్టేశాడు. ఉన్న ఒక్క సాక్షి. ఇంకెవరున్నారు? ఎవరూ లేరు. అందుకే ఈ కాగితం.

ఏడు వాక్యాలు. చదివితే నిమిషం ముప్పై సెకన్లు. పొద్దున గడియారం పెట్టుకుని నాలుగుసార్లు చదివాడు. విప్ ఇచ్చింది మూడు నిమిషాలు. విప్ అంటే పార్టీ తరఫున ఎవరు మాట్లాడాలో, ఎవరు ఎక్కడ చెయ్యెత్తాలో చెప్పేవాడు. వెనకటికి లారీల వ్యాపారం చేశాడు, మనుషుల్ని కూడా లోడులాగే సర్దుతాడు. ఎనిమిదిన్నరకి మెట్ల దగ్గర భుజం మీద చెయ్యేశాడు. "నువ్వే మాట్లాడాలి తమ్ముడూ. మీ గురువు కదా. పైగా ఓడించినవాడివి. ఓడించినవాడే పొగిడితే పేపర్లో బాగుంటుంది." "ఏం మాట్లాడను?" "రెండు నిమిషాలు పొగుడు, ఒక నిమిషం బాధపడు. ఏడవకు, కెమెరాకి బాగోదు. గొంతు కాస్త అడ్డం పడితే చాలు." పడుతుంది అన్నా, తప్పకుండా పడుతుంది, అన్నాడు. విప్ నవ్వాడు. నవ్వనీ. పన్నెండేళ్లు ఎన్ని కమిటీల్లో కూర్చున్నాడు, నీటి బిల్లు మీద, రిజిస్ట్రేషన్ల బిల్లు మీద, ఎవరూ వినని మధ్యాహ్నాల్లో ఖాళీ బెంచీలకు ఎన్ని సవరణలు చదివి వినిపించాడు, అదంతా ఈ మూడు నిమిషాల కోసమేనని ఇవాళ పొద్దున్నే తెలిసింది. సభలో అన్న మాట మీద ఏ కోర్టూ దావా తీసుకోదు. సభలో అన్న మాట రికార్డులో ఉంటుంది. స్పీకర్ తొలగిస్తే తప్ప పోదు, స్పీకర్ తొలగించేది అనకూడని మాటల్ని, ఆ మాటలకు ఒక పుస్తకం ఉంది. నిబంధనల కమిటీలో రెండేళ్లు కూర్చున్నప్పుడు ఆ పుస్తకం మొత్తం చదివిన సభ్యుడు తనొక్కడే. దొంగ ఉంది అందులో. మోసం ఉంది. అబద్ధం, ద్రోహి, అమ్ముడుపోయాడు, అన్నీ ఉన్నాయి. దాఖలైంది అన్న మాట అందులో లేదు. సంతకం లేదు. రిజిస్టర్ లేదు. తేదీలు లేవు. కాబట్టి ఏడు వాక్యాల్లో తిట్టు ఒక్కటీ పెట్టలేదు. స్పీకర్ పెన్ను పట్టుకుని వెతుక్కోనీ, కొట్టేయడానికి ఏ మాట దొరుకుతుందో చూస్తాను.

ఇంకోటి కూడా ఉంది, అది తలుచుకుంటే ఒళ్లు వెచ్చబడుతుంది. సంతాప ప్రసంగాలన్నీ అచ్చు వేసి, ముద్ర వేసి, సభ కార్యదర్శి సంతకంతో కుటుంబానికి పంపుతారు. పద్ధతి. నల్ల అంచు ఉన్న అట్ట, మంచి కాగితం. కొందరు దాన్ని అద్దం బిగించి గోడకి పెట్టుకుంటారు. అమ్మగారికి చూపు ఆనదు, కొడుకు చదివి వినిపించాలి. పెద్ద గొంతు వాడిది, తండ్రి గొంతే. మొదటి వాక్యం చదువుతాడు, రెండోది చదువుతాడు, నాలుగో దానికి ఆగుతాడు. చదవరా, ఆగావేం, అంటుంది ఆవిడ. చదవనీ. ఆవిడ చెడ్డదేం కాదు. వర్షం రోజుల్లో జూనియర్ల కోట్లు వంటింటి పక్కన తాడు మీద తనే ఆరేసేది. కాదు, ఇది ఇప్పుడు అనవసరం. మా అక్క కోటు ఎవరు ఆరేశారు? అక్కకి కోటు ఎక్కడుంది, పాత గొడుగు, ఒక పుల్ల విరిగింది, దాన్ని పట్టుకునే మూడేళ్లు కోర్టు వరండాలో నిలబడింది. నిలబడింది అంటే నిలబడిందే. బెంచీ మీద కూర్చోదు. కూర్చుంటే పిలుపు వినపడదేమోనని.

బావ బాయిలర్ ఆపరేటర్. బట్టల మిల్లు. బాయిలర్ పేలిన రోజు పొద్దున షిఫ్టు బావది, పదకొండు మంది పోయారు, పదకొండో మనిషి బావ. విచారణ అధికారి నాలుగు నెలలు తిరిగి పద్నాలుగు పేజీలు రాశాడు, పన్నెండో పేజీలో ఒక వాక్యం, ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల. అంతే. మిల్లు క్వార్టర్లు రెండు వరసలు, ఎదురెదురు తలుపులు, పదకొండు ఇళ్లలో మగమనిషి లేడు, పది ఇళ్లవాళ్లు పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కనిపించేది అక్క ఇల్లు. కుళాయి దగ్గర అక్క బిందె పెడితే పక్క బిందె జరిగేది. ఒకావిడ ఒకరోజు అనేసింది, మీ ఆయన నిద్రపోతే మా ఆయన లేవలేదు, అని. అక్క అప్పుడు వచ్చింది తన దగ్గరికి, పెద్దాయన ఆఫీసుకి, కూతుర్ని చంకనేసుకుని. "ఒరేయ్, నువ్వు లాయరువి కదరా. ఆ ఒక్క వాక్యం తీయించు. నాకింకేం వద్దు." ఒక్క వాక్యం. షిఫ్టు రిజిస్టర్ నకలు సంపాదించడానికి తనకి ఏడు నెలలు పట్టింది, మిల్లు టైమ్ కీపర్ ఇంటి చుట్టూ తిరిగి తిరిగి చెప్పు అరిగింది. దొరికింది. బావ చేతిరాత, గుండ్రంగా, బడిపిల్లల రాత. సోమవారం, సేఫ్టీ వాల్వు బిగుసుకుంది, ఇంజనీరు గారికి చెప్పాను, చూద్దాం అన్నారు. మంగళవారం, మళ్లీ చెప్పాను. బుధవారం, మళ్లీ చెప్పాను, ఆపమంటే ఆపొద్దన్నారు. గురువారం పొద్దున ఏమీ లేదు. గురువారం పొద్దున్నే పేలింది. ఆ నకలు తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెడితే కళ్లజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివాడు. "ఒరేయ్ వాయిదా, ఇదొక్కటి చాల్రా. విచారణ మొత్తం తిరగతోడిస్తాను" అన్నాడు.

వాయిదా. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. మొదటి ఏడాదంతా తనని వాయిదాలు అడగడానికే పంపేవాడు, ఈ కోర్టులో వాయిదా, ఆ కోర్టులో వాయిదా, మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, వాయిదా ఇప్పించండి. బార్ రూములో లాయర్లందరూ పట్టుకున్నారు, ఏరా వాయిదా, మీ ఆవిడ కూడా పెళ్లికి వాయిదా అడిగిందటగా. నవ్వేవాడు తనూ. ఒక మనిషి రెండు కోర్టుల్లో ఒకే టైముకి ఉండలేడు కాబట్టి ఒక ఏర్పాటు ఉండేది, ఆ ఊళ్లో జూనియర్లందరూ చేసేదే, ఎవరూ తప్పనుకోలేదు. తెల్ల కాగితాల అడుగున సంతకం పెట్టి డ్రాయర్లో ఉంచడం. పది, పదిహేను. తను ఎక్కడో ఇరుక్కుపోతే గుమాస్తా ఒక కాగితం తీసి, పైన వాయిదా కోరుతున్నామని టైపు కొట్టి దాఖలు చేస్తాడు. సంతకం ఎలాగూ ఉంది. ఆ సంతకం మీద తనకి ఎంత ముచ్చట. పదో తరగతిలో లెక్కల పుస్తకం వెనక అట్ట మీద నేర్చుకున్నాడు, మొదటి అక్షరం కింద నుంచి తోక లాగి ఆఖరి అక్షరం మీద చుక్క పెట్టడం. పక్కన కూర్చుని చూసి, ఈ తోకేంట్రా, కోతి తోకలా, అని నవ్వింది అక్క. లోకంలో ఆ తోక ఇంకెవరికీ తెలియకపోయినా అక్కకి తెలుసు.

తలుపు కొట్టారు. పీఏ. "సార్, పదీ ఇరవై అయింది. టీ పెట్టించమంటారా?" వద్దు. "పెద్దాయన ఫోటో ఒకటి పేపరువాళ్లు అడుగుతున్నారు, మీరిద్దరూ కలిసి ఉన్నది." ఒక్కటే ఉంది, కౌంటింగ్ హాల్లో తీసింది. పదకొండు వందల పద్నాలుగు ఓట్లు. పెద్దాయన అందరి ముందూ చెయ్యి పట్టుకుని పైకెత్తాడు, కెమెరాలు వెలిగాయి, ఆ వెలుగులో పెదవులు కదలకుండా అన్నాడు, "బాగా వాదించావురా వాయిదా." ప్రచారంలో నలభై రోజులు ఒకర్నొకరు ఎన్ని అనుకున్నారు, రోడ్లు, కాలువలు, బంధువుల కాంట్రాక్టులు, ఒక్కసారైనా ఆయన మిల్లు పేరెత్తలేదు. తనూ ఎత్తలేదు. ఇద్దరూ ఒకే తాడుతో ఒకరి నోరు ఒకరు కట్టేసుకున్నారు. ఆయన ఎత్తితే, అక్క పిటిషన్ వెనక్కి తీసుకున్న మెమో ఎవరు రాయించారని వస్తుంది. తను ఎత్తితే సంతకం ఎవరిదని వస్తుంది. లేదని చెప్పు, ఫోటో లేదు.

మెమో నాలుగు లైన్లు. పిటిషనర్ సూచనల మేరకు ఈ పిటిషన్‌ను వెనక్కి తీసుకుంటున్నాము, కొట్టివేయవలసిందిగా ప్రార్థన. కింద తోక, చుక్క. న్యాయమూర్తి చదివి, సంతకం చూసి, సరే అని రాసి, తర్వాతి కేసు పిలవమన్నాడు. నిమిషం కూడా పట్టి ఉండదు. అక్క ఆ రోజు వరండాలో లేదు, కేసు జాబితాలో లేదని తనే చెప్పాడు, లేదు కూడా, పొద్దున్నే పెద్దాయన ప్రత్యేకంగా అడిగి జాబితాలో చేర్పించాడు. మూడు నెలల తర్వాత పెద్దాయన మిల్లుకి లీగల్ అడ్వైజర్. ఏడాది తర్వాత మిల్లు యజమాని వాళ్ల అన్న నడిపే పార్టీలో టికెట్టు. ఆ తర్వాత సభ, ఆ తర్వాత మంత్రి, అది కూడా ఏ శాఖకి, న్యాయానికి. ఫైలు తిరిగి వచ్చినప్పుడు అందులో రిజిస్టర్ నకలు లేదు. అసలు రిజిస్టర్ పాత కాగితాలతో పాటు తగలబెట్టామని మిల్లువాళ్లు రాసిచ్చారు. పన్నెండో పేజీలో వాక్యం ఇప్పటికీ ఉంది. బావ ఇప్పటికీ నిద్రపోతూనే ఉన్నాడు.

మరి తను ఆ రోజు ఎక్కడున్నాడు? ఇది ఏడు వాక్యాల్లో లేదు. ఎనిమిదోది అయ్యేది, రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు, కొట్టేశాడు, కాగితం అక్కడ చిరిగింది. బార్ అసోసియేషన్ ఎన్నికలకి నామినేషన్ వేస్తున్నాడు. జాయింట్ సెక్రటరీ. పదిహేను మందిని వెంటేసుకుని, మెడలో పూలదండ, నవ్వుతూ. గుమాస్తా డ్రాయర్ తీసిన టైముకి తను బార్ రూములో ఒక ముసలి లాయరు కాళ్లకి దణ్ణం పెడుతున్నాడు ఓటు కోసం. అది తప్పా? పెద్దాయన చేసిందానికీ దానికీ సంబంధం ఏంటి? సంబంధం లేదు. కానీ తెలిశాక ముప్పై రోజుల గడువుంది, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఉంచాను, నాకు తెలియకుండా వాడారు, పిటిషన్ తిరిగి తెరవండి అని అఫిడవిట్ వేస్తే తెరుచుకునేది. అఫిడవిట్ రాశాడు కూడా. దాఖలు చేస్తే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినవాణ్ని బార్ కౌన్సిల్ పిలుస్తుంది, కోటు విప్పమంటుంది. ఇరవయ్యారో రోజు ఎన్నిక. పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. దాఖలు చేయాలనే అనుకున్నాడు. ముప్పయ్యో రోజు సాయంత్రం ఐదింటికి కోర్టు కౌంటర్ మూసేటప్పుడు బయట నిలబడి చూశాడు, కిటికీ చెక్క దించేశారు. ఆ కిటికీ లోంచే నడుచుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు, బార్ సెక్రటరీ, ప్రెసిడెంటు, పార్టీ లీగల్ సెల్లు, టికెట్టు, సభ. వద్దు. ఇది కాదు ఇవాళ్టి పని. ఇవాళ పెద్దాయన వంతు.

అక్క ఏమీ అనలేదు. అంటే బాగుండేది. కోర్టు నుంచి మెమో నకలు తనే తీయించుకుంది, చదువు అంతంత మాత్రం, కానీ చదవాల్సింది అడుగునే ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో కవరు వచ్చింది. లోపల ఆ నకలు, మడిచి. ఉత్తరం లేదు. సంతకం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. వెళ్తే తలుపు తీయలేదు. ఉత్తరాలు విప్పకుండా తిరిగొచ్చాయి. అమ్మ పోయినప్పుడు గదిలో ఈ మూల తను, ఆ మూల అక్క, మధ్యలో అమ్మ. ఇరవై ఏడేళ్లు. రెండేళ్ల కిందట గుమాస్తా గుండె ఆపరేషన్‌కి ముందు భయపడి కబురు పెట్టాడు, ఆయన చెప్పారు బాబూ, నేను కొట్టాను, కాగితం డ్రాయర్లోంచి తీసిచ్చింది కూడా నేనే, అని. ఆపరేషన్ బాగా జరిగింది, భయం పోయింది, రాసివ్వనన్నాడు. ఇరవై ఐదేళ్లు అనుమానం, రెండేళ్లు ఖాయం. ఈ రెండేళ్లే ఎక్కువ బరువు.

మేనకోడలు మాత్రం మాట్లాడుతుంది. ఆస్పత్రిలో నర్సు, నాలుక కత్తెర. అమ్మకి తెలియకుండా ఫోన్ చేస్తుంది, ఏదైనా ట్రాన్స్‌ఫర్ పని పడితే తెలిసేలాగే చేస్తుంది. పొద్దున తొమ్మిదింబావుకి తనే చేశాడు. "పదకొండింటికి సభ ఛానల్ పెట్టు. మీ అమ్మని కూర్చోబెట్టు." "అమ్మనా? నువ్వు కనిపిస్తే ఛానల్ మారుస్తుంది మామయ్యా. మొన్న నువ్వు రిబ్బన్ కత్తిరిస్తుంటే రిమోట్ దొరక్క ప్లగ్గే పీకేసింది." "ఇవాళ వినాలి. పెద్దాయన పోయాడు. దాని గురించి మాట్లాడుతున్నాను, మెమో గురించి." "నిజంగానా?" "నిజంగానే." "ఇన్నాళ్లకి గొంతు లేచిందా. ఆయన పోయాకా?" అదొక్కటి గుచ్చుకుంది, గుచ్చుకోవాలనే అంది. "సరే, బతిమాలతాను. నాకు రాత్రి డ్యూటీ, ఇంట్లోనే ఉన్నా. కానీ మామయ్యా, మీవాళ్లలా గౌరవనీయులైన అని మొదలుపెట్టి ఊరంతా తిరిగి రాకు. అమ్మకి అంత ఓపిక లేదు." తిరగను. ఏడే వాక్యాలు.

వరస మాత్రం మూడుసార్లు మార్చాడు. ఒక దానిలో బావ ముందు వచ్చాడు, రిజిస్టర్, వాల్వు, ఆపరేటర్ తప్పు లేదు, తర్వాత మెమో. ఇంకో దానిలో పెద్దాయన ముందు. రెండూ చదివి చూస్తే పలచగా ఉన్నాయి, ఎవరో పనికట్టుకుని నింద వేస్తున్నట్టు, అవతలివాడు లేచి, మరి సంతకం ఎవరిదండీ, అని ఒక్క మాటంటే కూలిపోయేటట్టు. ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకో. మొదటి ఏడాది నేర్పిన పాఠం, పెద్దాయన కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్లు సొరుగు మీద పెట్టి చెప్పేవాడు, "నీకు వ్యతిరేకంగా ఉన్నది నీ నోటితోనే చెప్పెయ్‌రా. ఆ తర్వాత నువ్వేం చెప్పినా జడ్జి చెవి నీ దగ్గరే ఉంటుంది." ఆ పాఠంతో తను ఎన్ని కేసులు గెలిచాడో లెక్క లేదు. ఆయన కత్తితో ఆయన్నే. బావుంది. సంతకం నాదే అన్నది నాలుగో వాక్యం, మాటలు నావి కావు అన్నది ఐదో వాక్యం, ఐదులో పెద్దాయన, ఆరులో రిజిస్టర్, ఏడులో బావ. ఏడో వాక్యానికి సభ మొత్తం చెవి తన దగ్గరే ఉంటుంది. చచ్చినవాడి మీద చెప్పడం ఏంటని ఎవడైనా అడగనీ. మా బావ మీద రాసినప్పుడు మా బావ బతికున్నాడా?

గంట మోగింది. పది యాభై. కోటు వేసుకున్నాడు, కాగితం నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టాడు, మళ్లీ తీసి చేతిలోనే పట్టుకున్నాడు. నడవాలో సభ్యులు గుంపులుగా వెళ్తున్నారు, కొందరు చెయ్యి నొక్కి వదిలారు, ఆత్మీయుణ్ని పోగొట్టుకున్నవాడికి నొక్కినట్టు. "పెద్ద దిక్కు పోయింది మీకు." "అవునండీ." "మీరు ఓడించినా మీ మీద ఒక్క మాట అననివ్వలేదు ఎవర్నీ." అననివ్వడు మరి. అంటే ఏం బయటపడుతుందో ఆయనకి కదా తెలుసు. ఫోన్ తీసి చూశాడు, మేనకోడలి నుంచి ఒక లైను, కూర్చోబెట్టాను, మొహం గోడకి పెట్టుకుని కూర్చుంది, చెవులు ఇటే ఉన్నాయి. నవ్వొచ్చింది. చిన్నప్పుడు అలిగితే అలాగే కూర్చునేది. ఫోన్ గొంతు నొక్కి జేబులో వేసుకున్నాడు.

సభలో చల్లగా ఉంది. ఎప్పుడూ అంతే చల్లగా ఉంటుంది, ఇవాళ వేళ్లకి తెలుస్తోంది. మధ్యలో బల్ల దగ్గర ఇద్దరు రిపోర్టర్లు, మాట పోకుండా రాసేవాళ్లు, ఐదు నిమిషాలకొకసారి మారతారు, వాళ్ల వేళ్ల వైపు చూశాడు. కోర్టులో మెమో మీద సరే అని రాసింది ఒక వేలు. ఇవాళ రాసేది ఇవి. స్పీకర్ పదకొండింటికి మొదలుపెట్టాడు, పుట్టిన తేదీ, చదువు, వృత్తి, ఎన్నిసార్లు ఎన్నిక, ఏ ఏ శాఖలు, పేదల పక్షాన కోర్టుల్లో నిలిచిన న్యాయవాది. ఆ మాట దగ్గర చేతిలో కాగితం మడతలు విప్పాడు. ఎనిమిదిన్నర నిమిషాలు. తర్వాత స్పీకర్ ఇటు చూశాడు. లేచాడు. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. ముందు వరసలో విప్ చేతులు కట్టుకుని, గొంతు ఎక్కడ అడ్డం పడుతుందా అని ఎదురుచూస్తున్నవాడిలా తల వంచాడు.

గొంతు ఎక్కడా అడ్డం పడలేదు. సభ రికార్డులో ఉన్నది ఇది. "నేను తొమ్మిదేళ్లు ఆయన జూనియర్‌ని. మిల్లు బాయిలర్ ప్రమాదం మీద విచారణ తిరిగి జరపాలని ఆపరేటర్ భార్య వేసిన పిటిషన్‌లో న్యాయవాది ఆయన. ఆ పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నట్టు కోర్టులో ఒక మెమో దాఖలైంది. దాని మీద సంతకం నాదే. సంతకం ఖాళీ కాగితం మీద ఉన్నది, పైన ఉన్న మాటలు ఆయన చెప్పి రాయించినవి, పిటిషనర్‌కి గానీ నాకు గానీ తెలియవు. సేఫ్టీ వాల్వు బిగుసుకుందని ఆపరేటర్ మూడు రోజులు వరసగా షిఫ్టు రిజిస్టర్లో రాశాడు, ఆ రిజిస్టర్ నకలు ఆయన ఫైలులో ఉండేది. ఆపరేటర్ నిర్లక్ష్యం లేదు." మూడో వాక్యానికి విప్ తల ఎత్తాడు. ఐదో వాక్యానికి ఎదుటి బెంచీల్లో ఎవరో, ఏంటిది, ఏంటిది, అన్నారు. స్పీకర్ పెన్ను తీసి పట్టుకున్నాడు, కార్యదర్శి వంగి ఏదో చెప్పాడు, పెన్ను బల్ల మీద పెట్టాడు. ఏడో వాక్యం అయ్యాక ఇంకా కొంత టైము మిగిలి ఉంది. చిరిగిన చోట ఉన్న ఎనిమిదో వాక్యం వైపు చూశాడు. నామినేషన్, పూలదండ, ముప్పై రోజులు. మైకు దీపం వెలుగుతూనే ఉంది. చెప్పొచ్చు. కూర్చున్నాడు.

మిగిలిన నాలుగు పార్టీలవాళ్లు మాట్లాడారు. ఎవరూ ఇటు చూడలేదు. తర్వాత అందరూ లేచారు, తనూ లేచాడు, ఒక నిమిషం. రెండు వందల మందికి పైగా మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు పెద్దాయన కోసం, బావ కోసం కూడా అనుకున్నాడు తను, ఒక్కడు తప్ప ఎవరికీ తెలియకపోయినా ఈ నిమిషంలో సగం బావది. లోపల ఏదో దిగింది, చాలా ఏళ్ల తర్వాత ఊపిరి అడుగుదాకా వెళ్లింది. గుమాస్తా ఇప్పుడు కాళ్ల దగ్గర కూర్చుని ఫోన్లో చూస్తుంటాడు. కొడుక్కి ఎవరో చెవిలో చెబుతుంటారు. అక్క మొహం గోడ వైపు నుంచి ఇటు తిప్పి ఉంటుంది. తలుపు తీస్తుందా? ఏమంటుంది? కోతి తోక అంటుందా?

సభ పావుగంట వాయిదా పడింది. సంతాప ప్రసంగాల్లోంచి ఏ మాటా తొలగించలేదని కార్యదర్శి కార్యాలయం చెప్పింది. పదకొండూ ముప్పై ఒకటికి సభ్యుడు లాబీలో, కిటికీ పక్కన నిలబడి ఫోన్ తీశాడు. విప్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్, మేనకోడలి నుంచి ఒక మెసేజ్.

"అమ్మ లేచింది మామయ్యా. సంతకం నాదే అన్నావు చూడు, అక్కడ టీవీ కట్టేసింది. ఇంకా చెప్తున్నాడే, ఆగవే అంటే, ఆ ఒక్క మాట వాడి నోటితో వినాలనే ఇన్నాళ్లు ఉన్నాను, విన్నాను, చాలు అంది. రిమోట్ తీసుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది."

అతను ప్రసంగం మొదలుపెట్టింది 11.09కి. కూర్చున్నది 11.11కి. మెసేజ్ వచ్చిన సమయం 11.10.